మోతాదు పెంచవద్దు, ముందు పాత దారి మూయండి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ రెండో సంవత్సరంలో ఉన్నాను. రక్తంలోని రోగనిరోధక టీ కణాల్లో, అందులోనూ పైన సీడీ8 అనే ప్రోటీన్ ఉండే రకం కణాల్లోకి మాత్రమే జన్యువును చేరవేసే లెంటీవైరస్ వెక్టర్‌ను, అంటే జన్యువును మోసే వాహనంగా మార్చిన వైరస్‌ను, తయారుచేయడం నా అంశం. అందరూ వాడే వీఎస్‌వీ-జీ ఎన్వలప్ (పైపొర ప్రోటీన్)తోపాటు, సీడీ8ను పట్టుకునే యాంటీబాడీ ముక్కను కూడా వైరస్ పైపొర మీద అమర్చాను. అయినా అది సీడీ8 ఉన్న కణాల్లోకీ, లేని కణాల్లోకీ ఒకే తీరుగా వెళ్తోంది. ఉత్తేజపరచని టీ కణాల్లోకయితే అసలు వెళ్లడమే లేదు. వైరస్ మోతాదు పెంచమని సీనియర్లు అంటున్నారు. లెంటీవైరస్ వదిలేసి ఏఏవీ అనే మరో వైరస్ వెక్టర్‌కు మారమని గైడ్ అంటున్నారు. ఏడాది వృథా అయిందేమోనని దిగులుగా ఉంది. ఎటు వెళ్లమంటారు?

సమాధానం: మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను. మోతాదు పెంచవద్దు, ఏఏవీకి ఇప్పుడే మారవద్దు. మీరు కట్టిన వెక్టర్ ఎలా ప్రవర్తించాలో అలాగే ప్రవర్తించింది. లోపం మీ చేతిపనిలో లేదు, నిర్మాణపు ఆలోచనలో ఉంది కనుక దాన్ని సరిదిద్దడం మీరు భయపడుతున్నంత కష్టం కాదు.

వీఎస్‌వీ-జీ అనేది పశువుల నోట్లోనూ గిట్టల దగ్గరా పొక్కులు తెచ్చే ఒక వైరస్ పైపొరలోని ప్రోటీన్. ల్యాబుల్లో దానికి అంత గిరాకీ ఉండడానికి కారణం అది దాదాపు ప్రతి కణంలోకీ చొరబడగలగడమే. ఆ చొరవ ఎక్కడినుంచి వచ్చిందన్నది చాలాకాలం తేలలేదు. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్‌ను కణంలోకి తీసుకునే రిసెప్టర్‌నే ఈ ప్రోటీన్ కూడా పట్టుకుంటుందని 2013లో బయటపడింది. కొలెస్ట్రాల్ అక్కరలేని కణం ఒంట్లో ఉండదు కాబట్టి ఆ రిసెప్టర్ బొత్తిగా లేని కణమూ అరుదే. అన్ని గదులకూ పట్టే మాస్టర్ తాళంచెవి చేతిలో ఉన్నవాడికి ఒక గది తాళంచెవిని ప్రత్యేకంగా ఇచ్చినంత మాత్రాన అతను మిగిలిన గదుల జోలికి వెళ్లడం మానడు. మీ యాంటీబాడీ ముక్క ఆ ఒక్క గది తాళంచెవి. అది చక్కగా పనిచేస్తూనే ఉండవచ్చు గానీ, వీఎస్‌వీ-జీ మామూలు రూపంలో పక్కన ఉన్నంతకాలం దాని పనితనం మీ గ్రాఫుల్లో కనిపించే అవకాశం లేదు.

సీనియర్లు చెప్పినట్టు వైరస్‌ను రెండింతలు, మూడింతలు చేస్తే జన్యువు చేరినందుకు గుర్తుగా మెరిసే కణాల శాతం పెరుగుతుందన్న మాట నిజమే. అయితే అది రెండు రకాల కణాల్లోనూ పెరిగి, చివరికి రెండూ ఒకే ఎత్తున ఆగిపోయి, ఉన్న కాస్త తేడా కూడా చెరిగిపోతుంది. పైగా ఒక్కో కణంలో జన్యువు పలుచోట్ల అతుక్కుంటుంది, ఎక్కడ అతుక్కోవాలో చెప్పే అధికారం మనకు లేదు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పసిపిల్లలకు ప్యారిస్‌లోనూ లండన్‌లోనూ చేసిన జన్యుచికిత్సలో ఆ శక్తి తిరిగివచ్చింది. కానీ రెండు చోట్లా కలిపి 20 మందిలో 5గురికి లుకేమియా వచ్చింది, వారిలో ఎక్కువమందిలో వెక్టర్ ఎల్‌ఎంఓ2 అనే జన్యువు దగ్గర చేరి దాన్ని రెచ్చగొట్టింది. అప్పటివి గామారెట్రోవైరస్ వెక్టర్లు. ఇప్పటి లెంటీవైరస్ వెక్టర్లలో కొసభాగాలు తమంతట తాము పక్క జన్యువులను నడిపించకుండా కత్తిరించి ఉంచడం వల్ల ఆ ముప్పు బాగా తగ్గిందే తప్ప పూర్తిగా పోలేదు. 2024 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కార్-టీ మందుల (క్యాన్సర్‌ను గుర్తించే కార్ అనే అణువు జన్యువును చేర్చిన టీ కణాల) సమాచార పత్రాల్లో టీ కణ క్యాన్సర్ల గురించి గడి కట్టిన ప్రత్యేక హెచ్చరిక చేర్చమని కోరింది. కాబట్టి ఎక్కువ వైరస్‌తో నెట్టుకురావడం అనే అలవాటు ఈ రంగంలో మొదటినుంచే మానుకోవలసినది.

ఇక చేయవలసిన పని. వీఎస్‌వీ-జీ రెండు పనులు చేస్తుంది. కణాన్ని పట్టుకోవడం మొదటిది. కణంలోపలి సంచిలోకి చేరాక అక్కడి ఆమ్లత్వానికి రూపు మార్చుకుని, వైరస్ పొరనూ సంచి పొరనూ కలిపేయడం రెండోది. మీకు మొదటిది పోవాలి, రెండోది మిగలాలి. ఎల్‌డీఎల్ రిసెప్టర్ ముక్కలను పట్టుకుని ఉన్న స్థితిలో ఈ ప్రోటీన్ స్ఫటిక నిర్మాణాన్ని 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించి, 47వ స్థానంలోని లైసిన్, 354వ స్థానంలోని ఆర్జినైన్ ఆ పట్టుకు కీలకమనీ, వాటిని మార్చినా పొరలను కలిపే శక్తి చెడదనీ తేల్చారు. 2022లో ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ బృందాలు విడివిడిగా ఈ పట్టులేని ప్రోటీన్‌ను తీసుకుని, పట్టుకునే అణువును వైరస్ పైపొర మీద వేరుగా నిలిపి, ఆ అణువుకు సరిజోడు ఉన్న కణాల్లోకి మాత్రమే వైరస్ వెళ్లేలా చేశాయి. మీరు యాంటీబాడీ ముక్కను ఇప్పటికే విడిగా అమర్చారు. అంటే మీరు మార్చవలసింది ఒక్క ప్లాస్మిడ్‌లో, అంటే వైరస్ భాగాల జన్యువులను మోసే గుండ్రని డీఎన్‌ఏలో, రెండు అమైనో ఆమ్లాలు. ఏడాదంతా చేసిన క్లోనింగ్‌లో ఏదీ పారేయనక్కరలేదు.

ఈ మార్పు చేశాక మీరు బెదిరిపోయే ఘట్టం ఒకటి వస్తుంది, అందుకే ముందుగా హెచ్చరిస్తున్నాను. అలవాటు కొద్దీ టైటర్‌ను, అంటే పనిచేసే వైరస్ ఎంత ఉందన్నదాన్ని, ల్యాబుల్లో పెంచే 293టీ కణాల మీద చూస్తారు, సున్నా వస్తుంది. వైరస్సే తయారు కాలేదనుకుని ప్లాస్మిడ్లనూ, వాటిని కణాల్లోకి చేర్చే పీఈఐ రసాయనాన్నీ, సీరం సీసానూ ఒకదాని తర్వాత ఒకటి అనుమానిస్తూ నెలలు గడిపేస్తారు. 293టీ కణాల మీద సీడీ8 లేదు కాబట్టి, పట్టు తీసేసిన వైరస్ అక్కడ సున్నా చూపడమే మీకు కావలసిన ఫలితం. వైరస్ కణికలు అసలు తయారయ్యాయా అన్నది వైరస్ లోపలి పీ24 ప్రోటీన్‌ను ఎలైసా పరీక్షతో కొలిచి తెలుసుకోండి. అవి పనిచేస్తున్నాయా అన్నది తెలుసుకోవడానికి, సీడీ8 జన్యువును శాశ్వతంగా చేర్చిన 293టీ కణాలను ప్లేటులో ఒక వరుసలోనూ, చేర్చని వాటిని పక్క వరుసలోనూ పెట్టి, ఒకే వైరస్‌ను ఒకే పలుచన క్రమంలో రెండింటి మీదా వేయండి. యాంటీబాడీ ముక్క లేకుండా, పట్టు తీసిన వీఎస్‌వీ-జీ మాత్రమే ఉన్న వైరస్‌ను మూడో వరుసలో తప్పక పెట్టండి. అది ఎక్కడ వెలిగినా ముందుకు వెళ్లకండి, మీ ప్లాస్మిడ్ నిల్వలో మామూలు వీఎస్‌వీ-జీ కలిసిపోయిందేమో సీక్వెన్సింగ్ చేయించి చూడండి. ఒకే ఫ్రీజర్‌లో రెండూ ఉండే ల్యాబుల్లో ఇది అనుకున్నంత అరుదేమీ కాదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. పొరలు కలవాలంటే ఆమ్లత్వం తగలాలి కనుక, మీరు ఎంచుకున్న అణువు తనను పట్టుకున్న వైరస్‌ను లోపలికి లాక్కునేదై ఉండాలి. యాంటీబాడీ ముక్క సీడీ8 మీద ఏ చోట, ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. ఫలితం మందకొడిగా ఉంటే, జర్మనీలోని పాల్ ఎర్లిక్ సంస్థలో క్రిస్టియన్ బుఖోల్ట్స్ బృందం ఏళ్ల తరబడి సాగిన దారిని చూడండి. తట్టు వైరస్ పైపొరలో పట్టుకునే పనినీ కలిపే పనినీ ప్రకృతే రెండు వేర్వేరు ప్రోటీన్లకు పంచింది. వారు పట్టుకునే ప్రోటీన్‌లో సహజ రిసెప్టర్లకు తగిలే చోట్లను మార్చేసి, దాని కొసకు తమకు కావలసిన కణాన్ని గుర్తించే యాంటీబాడీ ముక్కను అతికించారు. ఈ జంట ఆమ్లత్వంతో నిమిత్తం లేకుండా కణం ఉపరితలం మీదే పొరలను కలుపుతుంది. అయితే తట్టు టీకా వేయించుకున్న మన రక్తంలో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉంటాయి, రోగికి ఎక్కించే వెక్టర్‌కు అది పెద్ద అడ్డు. నిపా వైరస్ ప్రోటీన్ల వైపు అదే బృందం మళ్లడానికి ఇదొక కారణం. సీడీ8ను లక్ష్యం చేసుకున్న వెక్టర్‌ను మనిషి రక్తకణాలు ఉంచిన ఎలుకలకు ఎక్కించి, ఎలుక ఒంట్లోనే బీ కణాల మీది సీడీ19ను గుర్తించే కార్-టీ కణాలను పుట్టించిన ఫలితాన్ని వారు 2018లో ప్రచురించారు. మీ అంశానికి ఇంతకన్నా దగ్గరి పని మరొకటి లేదు కాబట్టి, అందులోని పద్ధతుల విభాగాన్ని కలం పట్టుకుని చదవండి.

ఉత్తేజపరచని కణాల సంగతికి వస్తే, అందులో రెండు అడ్డంకులు కలగలిసి ఉన్నాయి. విశ్రాంతిలో ఉన్న టీ కణం మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్ చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి వీఎస్‌వీ-జీకి అక్కడ పట్టు దొరకదు. టీ కణం మీది సీడీ3, సీడీ28 అణువులను తాకే పూసలతో కణాన్ని లేపితే ఆ రిసెప్టర్ పెరుగుతుంది, అందుకే ఆస్పత్రులకు కార్-టీ కణాలు తయారుచేసేవారు ముందు ఆ పని చేస్తారు. మీ యాంటీబాడీ ముక్క ఈ మొదటి అడ్డంకిని దాటించగలదు. రెండోది లోపల ఉంది. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకోవడానికి న్యూక్లియోటైడ్లు అనే ఇటుకలు కావాలి, విశ్రాంతి కణంలో ఎస్‌ఏఎమ్‌హెచ్‌డీ1 అనే ఎంజైమ్ వాటిని ఎప్పటికప్పుడు విరిచేస్తుంటుంది. సీడీ8ను తాకినంత మాత్రాన కణం మేలుకోదు, సీడీ3ను తాకితే మేలుకుంటుంది. అమెరికాలోని ఉమోజా అనే కంపెనీ తన వెక్టర్ పైపొరలో సీడీ3ను పట్టే ముక్కతోపాటు సీడీ80, సీడీ58 అణువులను కూడా చేర్చి, పట్టుకోవడం, లేపడం రెండూ వైరస్ చేతే చేయిస్తోంది. మీకు సీడీ8 కణాలే కావాలి, సీడీ3 మాత్రం సీడీ4 కణాల మీద కూడా ఉంటుంది కనుక దానికి మారమని చెప్పను. ఐఎల్-7 అనే రోగనిరోధక సంకేత ప్రోటీన్‌లో కొన్ని రోజులు ఉంచిన కణాల మీద మీ వైరస్‌ను ప్రయత్నించండి. అది కణాన్ని పూర్తిగా ఉత్తేజపరచకుండానే కణచక్రంలో కొంత ముందుకు జరుపుతుంది, లెంటీవైరస్‌కు తరచుగా ఆ మాత్రం చాలు.

మీరు ఫలితాన్ని ఎప్పుడు, ఎలా కొలిచారో ఉత్తరంలో రాయలేదు. కణాల మెరుపును ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో 48 గంటలకే చూసి ఉంటే ఆ అంకెలను నేను నమ్మను. వైరస్ తయారయ్యే కణాల్లో పుట్టిన జీఎఫ్‌పీ అనే మెరిసే ప్రోటీన్ వైరస్ కణికలతోపాటే వచ్చి లక్ష్య కణాలకు అంటుకుంటుంది, మిగిలిపోయిన ప్లాస్మిడ్ డీఎన్‌ఏ కూడా తోడవుతుంది. జన్యువు లోపలికి వెళ్లకపోయినా కణం మెరుస్తుంది. ప్లేటులోని ఒక గుంటలో ఏజెడ్‌టీ అనే హెచ్‌ఐవీ మందు కలపండి. ఆర్‌ఎన్‌ఏ డీఎన్‌ఏగా మారడం ఆగిపోయాక కూడా మిగిలే మెరుపంతా బూటకమే, దాన్ని తీసివేయగా వచ్చేదే మీ నిజమైన ఫలితం. వారం, పది రోజుల తర్వాత మళ్లీ కొలిచి, ఒక్కో కణంలో ఎన్ని కాపీలు చేరాయో డిజిటల్ పీసీఆర్‌తో సరిచూడండి.

సీడీ8 ఉన్న కణాలను ఒక గిన్నెలో, లేని కణాలను మరో గిన్నెలో పెట్టి పోల్చడం మొదటి మెట్టుకు సరిపోతుంది గానీ, అక్కడితో ఆగితే ఎంపిక చేసుకునే శక్తిని మీరు పరీక్షించినట్టు కాదు. దాత రక్తం నుంచి వేరుచేసిన తెల్లకణాలన్నిటినీ కలిపే ఉంచి, వైరస్‌ను వేసి, తర్వాత రంగుల యాంటీబాడీలతో ఏ రకంలోకి ఎంత వెళ్లిందో విడదీసి చూడండి. అప్పుడు సహజ హంతక కణాల్లో, అంటే ఎన్‌కే కణాల్లో కొన్ని మెరుస్తాయి. కంగారు పడవద్దు, మనుషుల ఎన్‌కే కణాల్లో కొంత భాగం సీడీ8 ఆల్ఫా గొలుసును ధరిస్తుంది. ఆల్ఫా గొలుసుకు బదులు టీ కణాల్లో దానికి జతగా ఉండే బీటా గొలుసును పట్టే ముక్కను ఎంచుకుంటే ఇలా పక్క కణాల్లోకి వెళ్లడం తగ్గుతుంది. బీ కణాల్లోకి గానీ, మోనోసైట్లు అనే తెల్లకణాల్లోకి గానీ వెళ్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

ఎందుకంత పట్టుదల అంటే, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రచురించిన ఒక రోగి ఉదంతం చెప్పాలి. లుకేమియాతో బాధపడుతున్న యువకుడి రక్తం తీసి, టీ కణాల్లోకి సీడీ19ను గుర్తించే కార్ జన్యువును లెంటీవైరస్‌తో చేర్చి, తిరిగి ఎక్కించారు. ఆ సేకరణలో కలిసిపోయిన ఒకే ఒక్క లుకేమియా బీ కణంలోకి కూడా వైరస్ జన్యువును చేర్చింది. ఆ కణం తన మీద పుట్టిన కార్ అణువుతో తన సీడీ19నే కప్పేసుకుంది, కార్-టీ కణాలకు కనపడకుండా పోయింది, పెరిగింది. తొమ్మిది నెలల తర్వాత జబ్బు తిరగబెట్టి ఆ యువకుడు మరణించాడు. ల్యాబులో కణాలను కడిగి, వడకట్టి, లెక్కపెట్టి ఇచ్చే పద్ధతిలోనే ఇలా జరిగింది. వెక్టర్‌ను నేరుగా నరంలోకి ఎక్కించే పద్ధతిలో కడగడమూ వడకట్టడమూ ఉండవు, వైరస్ సరైన కణాన్ని ఎంచుకోవడమే మొత్తం భద్రత. మీ పత్రంలో సీడీ8 కణాల్లోకి ఎంత శాతం వెళ్లిందన్న బొమ్మ కన్నా బీ కణాల్లోకి ఎంత వెళ్లలేదన్న బొమ్మకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మీ గైడ్ గారి సలహాను నేను కొట్టిపారేయడం లేదు. ఏఏవీ శుభ్రమైన వెక్టర్, దాని పైతొడుగును మార్చి టీ కణాల వైపు తిప్పే పనులూ జోరుగా సాగుతున్నాయి. కార్ జన్యువు దానికి ఉన్న సుమారు 4.7 కిలోబేసుల చోటులో సులువుగా పడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఏఏవీ తెచ్చిన డీఎన్‌ఏ ఎక్కువగా క్రోమోజోముల్లో అతుక్కోకుండా విడిగా ఉండిపోతుంది. కాలేయ కణంలా అరుదుగా విడిపోయే చోట అది ఏళ్ల తరబడి నిలుస్తుంది, కానీ శత్రువును చూసిన టీ కణం వారంలో వేలకొద్దీ అవుతుంది, ఆ డీఎన్‌ఏ పంచుకోగా పంచుకోగా పలచబడి మాయమవుతుంది. క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కత్తిరించిన చోట అతికించడానికి నమూనా డీఎన్‌ఏను మోసుకురావడంలో ఏఏవీ6 అద్భుతంగా పనిచేస్తుందని, కార్‌ను టీ కణ రిసెప్టర్ జన్యువు చోటే నాటిన 2017 నాటి పని చూపింది. మీ ప్రాజెక్టు ఆ దిశకు మళ్లితే ఏఏవీ సరైనదే. అది వేరే ప్రాజెక్టు అని మాత్రం ఆయనకు వినయంగా చెప్పండి.

ఎన్వలప్ ఒక్కటే ఎంపిక చేయాలన్న నియమం లేదు. వైరస్ తప్పు కణంలోకి వెళ్లినా జన్యువు అక్కడ పలకకుండా ప్రమోటర్‌తో, అంటే జన్యువును నడిపించే డీఎన్‌ఏ మీటతో, ఆపవచ్చు. దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. వేలూరు సీఎంసీ వైద్యులు హీమోఫీలియా-ఏ రోగులు ఐదుగురికి వారి మూలకణాల్లోకే లెంటీవైరస్‌తో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 జన్యువును చేర్చిన ఫలితాలు 2024 డిసెంబరులో వెలువడ్డాయి. అందులో జన్యువు ముందు సీడీ68 ప్రమోటర్ ఉంచడం వల్ల అది ప్రధానంగా మోనోసైట్ల వంటి కణాల్లోనే పలుకుతుంది. మీరు కూడా టీ కణాల్లోనే పలికే ప్రమోటర్‌ను రెండో కాపలాగా ఆలోచించవచ్చు. పనిలో పనిగా, వేరే ల్యాబు నుంచి తెచ్చుకున్న ప్లాస్మిడ్ మ్యాపులో ఎంఐఆర్-142 అనే రక్తకణాల చిన్న ఆర్‌ఎన్‌ఏ పట్టుకునే లక్ష్య వరుసలు ఉన్నాయేమో చూసుకోండి. కాలేయం కోసం చేసిన వెక్టర్లలో రక్తకణాల్లో జన్యువు నోరు నొక్కడానికి వాటిని పెడతారు. అవి ఉంటే టీ కణంలో మీకు ఏమీ కనపడదు.

ఈ పనికి ప్రయోజనం ఉందా అన్న సందేహం మీ ఉత్తరంలో వరుసల మధ్య కనిపించింది కనుక రెండు మాటలు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేసిన నెక్స్‌కార్19 అనే కార్-టీ చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చినా, విదేశీ మందులతో పోలిస్తే ధర ఎంతో తగ్గినా, ఒక్కో రోగికి విడిగా కణాలు తీసి, పెంచి, పరీక్షించి ఇచ్చే పద్ధతి కావడంతో ఖర్చు ఇప్పటికీ లక్షల్లోనే ఉంది. ఆ తతంగాన్ని ఒక సూదిమందుగా కుదించే ప్రయత్నాలు ఇప్పుడిప్పుడే మనుషుల దాకా వచ్చాయి. టీ కణాల మీద ఉండే సీడీ7ను లక్ష్యం చేసుకున్న లెంటీవైరస్ వెక్టర్‌ను 2024లో ఆస్ట్రేలియాలో తొలి రోగికి ఇచ్చారు. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ ఉన్న నలుగురికి నేరుగా ఎక్కించిన అనుభవాన్ని వూహాన్ వైద్యులు 2025లో లాన్సెట్‌లో రాశారు. నలుగురితో ఏదీ తేలిపోదు, ఇంకా చాలా చూడాలి. మీరు చేస్తున్న పని ఆ బాటలోనే ఉంది.

చివరగా ఒక కాగితం పని. మీరు నిపా ప్రోటీన్లను ప్రయత్నించే ఆలోచనలో ఉంటే, సంస్థలోని జీవభద్రతా సంఘానికి దరఖాస్తు ఇప్పుడే పెట్టండి. కేరళలో 2018 నుంచి వింటున్న పేరు కావడంతో సభ్యులు ఉలిక్కిపడడం సహజం. మీరు వాడేది పైపొరలోని రెండు ప్రోటీన్ల జన్యువులు మాత్రమేననీ, అవీ కొత్త కణికల్లోకి చేరవనీ, ఒకసారి కణంలోకి వెళ్లాక వెక్టర్‌కు మళ్లీ పుట్టే శక్తి ఉండదనీ, ఏ ప్లాస్మిడ్ మీద ఏముందో పట్టికతో సహా మొదటి పేజీలోనే రాయండి. ఆమోదం వచ్చేలోగా వీఎస్‌వీ-జీలో ఆ రెండు స్థానాల మార్పు, మూడు వరుసల ప్లేటు, ఏజెడ్‌టీ కంట్రోల్ పూర్తవుతాయి. అప్పటికీ సీడీ8 ఉన్న కణాలకూ లేని కణాలకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాకపోతే యాంటీబాడీ ముక్కను మార్చండి, వెక్టర్‌ను కాదు.